మూడు వేల తొంభై ఒకటో చేప

వల మేస్త్రి మాణిక్యం మొదటి చేపను ట్రేలో వేస్తూ "లాభం" అన్నాడు. తర్వాత "రెండు" అన్నాడు, "మూడు" అన్నాడు. చెరువు గట్టు మీద కొబ్బరిచెట్టు నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చున్న రత్నమాల ఆ మాటకి ఉలిక్కిపడింది. పద్దెనిమిదేళ్ళుగా అమలాపురంలో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెబుతూ, మన దగ్గర లెక్క ఒకటితో మొదలవదన్న సంగతే మర్చిపోయింది. చిన్నప్పుడు కళ్ళంలో ధాన్యం కొలిచేవాళ్ళూ ఇంతే, మొదటి కుంచం ఒకటి కాదు, లాభం. ఒకటి అంటే ఒంటరిది, నోట రాకూడదు. అంటే కొలత ఇంకా మొదలు కాకముందే కొలిచేవాడి ఆశ అందులోకి దూరి కాళ్ళు చాపుకు కూర్చుంటుంది, ఆ తర్వాత రెండు దగ్గర్నుంచి అంతా నిక్కచ్చి. నా లెక్కలోనూ అలాంటి ఆశ ఒకటి ఎక్కడో దూరి ఉంటుంది, ఎక్కడ దూరింది చెప్మా అనుకుంటూ ఆవిడ కొంగుతో మెడ తుడుచుకుంది. మాఘమాసం పొద్దు, ఎండ ఇంకా ముదరనే లేదు, చెమట మాత్రం ముందే వచ్చేసింది.

చెరువు రెండెకరాలది, మావయ్యది. మావయ్య అంటే అమ్మ తమ్ముడు సుబ్రహ్మణ్యేశ్వరరావు. పక్క కుర్చీలో కూర్చుని, చొక్కా జేబులో మడతపెట్టిన కాగితాన్ని మాటిమాటికీ తడుముకుంటున్నాడు. రెండు రోజులుగా మోటారుతో నీళ్ళు తోడించి, తెల్లవారుతూనే లాగుడు వలతో చేపలన్నిటినీ ఒక మూలకి చేర్చారు. ఆ మూల ఇప్పుడు మరుగుతున్న గంగాళంలా ఉంది. ట్రేకి ముప్పై చేపలు. ట్రే నిండగానే ఒకడు పలక మీద సుద్దతో గీత గీస్తాడు, ఇంకొకడు ఐసు చల్లి లారీ ఎక్కిస్తాడు. అవతలి గట్టు మీద జోజి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పన్నెండు రోజుల కిందటి దాకా ఈ చెరువుకి అతనే కాపలా. పక్కన అతని కూతురు ఏంజెల్, రత్నమాల క్లాసులో మొదటి బెంచీ పిల్ల. పన్నెండు రోజులుగా ఆ బెంచీ ఖాళీ. ఆ పిల్ల కూడా ఒక నోటుబుక్కు తెచ్చుకుని, ట్రే లేచినప్పుడల్లా ఏదో గీస్తోంది, ఇటు మాత్రం చూడటం లేదు.

మావయ్య జేబులో కాగితం మీద రత్నమాల స్వహస్తంతో రాసిన అంకె ఉంది. మూడు వేల తొంభై ఒకటి. కిందటి ఉగాది వెళ్ళాక చెరువులో వదిలిన చేపపిల్లలు ఆరు వేలు. ఆరు వేలలో మూడు వేలే మిగిలితే తక్కినవి ఏమైనట్టు, కాపలా ఉన్నది ఎవరు, ఇదీ ఊరు వేసిన ప్రశ్న. జవాబు కూడా ఊరే చెప్పేసింది. జోజి కాదనలేదు, ఏడవలేదు, చెరువు ఎండగట్టి ఒక్కొక్క చేపా లెక్కపెట్టండి అన్నాడు. పట్టుబడికి ఎలాగూ వేళయింది గనక మావయ్య సరేనన్నాడు. జేబులో కాగితం ఉన్నవాడికి భయమేముంది.

నూట మూడు ట్రేలంటే మూడు వేల తొంభై చేపలు. నూట నాలుగో ట్రేలో పడే మొదటి చేప మూడు వేల తొంభై ఒకటోది. ఈ గుణకారం చెయ్యాలని రత్నమాల అనుకోలేదు, అదే జరిగిపోయింది. అత్తారింటి మేడకి పద్దెనిమిది మెట్లు, కాలేజీకి ఇరవై రెండు, పెళ్ళిపీటల మీద కూర్చున్నప్పుడు పురోహితుడు ఎన్నిసార్లు తుమ్మాడో కూడా జ్ఞాపకమే, ఏడుసార్లు. కట్టిన చీర రంగు జ్ఞాపకం లేదు. ఆయన, అంటే భర్త బాబ్జీ, తాటిపాకలో గ్యాసు పైపుల దగ్గర మీటర్లు చూసే ఉద్యోగి, అప్పుడప్పుడూ అంటూ ఉంటాడు, గేజీ ఏం చెబుతోందో గేజీకి తెలుసు, పైపులో ఏముందో పైపుకి తెలుసు, మధ్యలో నాకు జీతమిస్తున్నారు రత్నం, అని. ఆ మాటకి నవ్వేది. ఇప్పుడు నవ్వు రావడం లేదు. పంతొమ్మిదో ట్రే లేచింది.

అసలీ గొడవంతా సెమినార్ వల్ల వచ్చింది. "విజ్ఞాన శాస్త్రాలలో గణిత పద్ధతులు" అని కాలేజీలో జాతీయ సెమినార్ పెట్టారు. జాతీయ అంటే కాకినాడ నుంచి ఇద్దరు, విశాఖపట్నం నుంచి ఒకాయన. స్థానిక సమస్య మీద ఒక్క పేపరైనా ఉండాలండీ అని ప్రిన్సిపాల్ గారు రత్నమాల వైపే చూస్తూ అన్నారు. స్థానికంగా సమస్యలకి కరువు లేదు, గణితానికి లొంగేది దొరకడమే కష్టం. అప్పుడు గుర్తొచ్చింది మావయ్య చెరువు. కంటికి కనపడని వాటిని లెక్కపెట్టడానికి ఒక చక్కటి పద్ధతి ఉంది. చెరువులోంచి ఓ రెండు వందల చేపల్ని పట్టి, రెక్క కొస రవ్వంత కత్తిరించి, మళ్ళీ వదిలెయ్యాలి. పదిహేను రోజులాగి మళ్ళీ వల వెయ్యాలి. పడ్డవాటిలో రెక్క తెగినవి ఎన్నో చూస్తే చెరువు మొత్తంలో ఎన్నున్నాయో తేలిపోతుంది. క్లాసులో దీన్ని సాంబారుతో చెప్పేది. గిన్నెలో వేసిన ములక్కాడ ముక్కలు ఎన్నో తెలుసు, గరిటెలోకి ఎన్ని వచ్చాయో తెలుసు, సాంబారు ఎంతుందో చెప్పలేరా పిల్లలూ, అని. బాగా కలపాలి, కలపకుండా గరిటె పెడితే ముక్కలన్నీ అడుగునే ఉంటాయి, అని కూడా చెప్పేది. చెప్పేటప్పుడు చేత్తో గాలిలో కలిపి చూపించేది కూడా. చెరువుని ఎవరు కలిపారు మరి?

జోజి చెప్పాడు. ఆ రోజు జోజి చెప్పనే చెప్పాడు. చెరువులో ఓ గట్టు వార కర్రలకి మేత సంచులు కట్టి ఉంటాయి, చిల్లుల సంచులు, తవుడూ నూనెచెక్కా నింపినవి. వాటి దగ్గరే మొదటిసారి వల విసిరించింది, రెండోసారీ అక్కడే విసిరించింది. ఎందుకక్కడే అని ఎవరైనా అడిగితే నమూనా సేకరణకు అనువైన స్థలం అని చెప్పేది, రాసింది కూడా అలాగే. నిజం ఏమిటంటే ఆ పక్క గట్టు పొడిగా ఉంది, కొత్త చెప్పులు. విశాఖపట్నం వెళ్ళినప్పుడు కొనుక్కున్న చెప్పులు బురదలో పెట్టబుద్ధి కాలేదు. జోజి వల దులుపుతూ, తల గోక్కుంటూ అన్నాడు.

"మేడమ్ గారండీ, ఈ సంచుల కాడికొచ్చేవి వేరండి. ఇయ్యి తిండిపోతులండి. మొన్నొచ్చినయ్యే మళ్ళీ వత్తాయండి. లోతులో తిరిగేవి సిగ్గరివండి, అయ్యి ఇటు రావండి."

ఆవిడ నవ్వి, చేపలకి సిగ్గేమిటి జోజీ, అంది. ఆయ్, ఉంటాదండి, అని అతను ఊరుకున్నాడు. కోనసీమలో ఆయ్ అంటే ఒప్పుకున్నట్టు కాదు, వాదించడం మర్యాద కాదని ఆగిపోయినట్టు. నలభై ఆరేళ్ళుగా ఇక్కడే బతుకుతూ ఈపాటి సంగతి ఆవిడకి తెలియక కాదు, ఆ రోజు చేతిలో క్లిప్ బోర్డు ఉంది. క్లిప్ బోర్డు పట్టుకున్న చెవికి కొన్ని మాటలు వినపడవు. నూట డెబ్భై చేపలు పడ్డాయి, రెక్క తెగినవి పదకొండు. రెండు వందల్ని నూట డెబ్భైతో హెచ్చవేసి పదకొండుతో భాగిస్తే మూడు వేల తొంభై, పాయింటు తొమ్మిది సున్నా తొమ్మిది. చేపకి పాయింటు ఉండదు గనక మూడు వేల తొంభై ఒకటి. తిండిపోతులు మళ్ళీ మళ్ళీ రాకపోయి ఉంటే ఆ పదకొండు ఏ ఆరో ఏడో అయ్యేది, చెరువు రెట్టింపు అయ్యేది. ఇది ఇప్పుడు, ముప్పై ఎనిమిదో ట్రే లేస్తుంటే, ప్లాస్టిక్ కుర్చీలో తోస్తోంది. అప్పుడు తోచలేదు.

అప్పుడు ఒక్క వాక్యం రాసింది. "ప్రతి చేపకూ వలలో పడే అవకాశం సమానమని అనుకొనుము." అనుకొనుము. తెలుగు మీడియంలో చదువుకున్న వాళ్ళకి ఈ మాట తల్లిపాలతో సమానం. తోటలోని చెట్ల సంఖ్య ఎక్స్ అనుకొనుము. గాలి లేదనుకొనుము. రైలు ఆగకుండా పోవుచున్నదనుకొనుము. చక్రవర్తి ఆజ్ఞలా ఉంటుంది గానీ నిజానికి అది బతిమాలుకోవడం, బాబ్బాబు కాసేపు ఇలా అనుకోండి, లెక్క అయిపోగానే మీ లోకం మీకిచ్చేస్తాను, అని. ఎవరూ తిరిగి ఇవ్వరు, అదీ చిక్కు. ఆరో క్లాసులో ఉండగా పదిమంది ఒక గోడను ఆరు రోజుల్లో కడితే అరవై మంది ఎన్ని రోజుల్లో కడతారని అరుగు మీద కూర్చుని తాతయ్యని అడిగింది. ఆయన ఇళ్ళు కట్టించిన మనిషి. చుట్ట తీసి, ఆలోచించి, అరవై మంది వస్తే గోడ లేవదమ్మా, భోజనాలు లేస్తాయి, అన్నాడు. పుస్తకంలో జవాబు ఒక రోజు అని ఉంది. తాతయ్యకి లెక్కలు రావని జాలిపడింది. ఆ జాలి ఇన్నేళ్ళూ ఎంత భద్రంగా దాచుకుంది, చేతికి అందగానే తీసి జోజికి పెట్టింది.

అయినా గణితాన్ని నమ్మడానికి తనకి కారణం లేకపోలేదు. పదేళ్ళప్పుడు నాన్న పంచాంగం తెరిచి, ఇదిగో ఇవాళ రాత్రి తొమ్మిదీ నలభై రెండుకి చంద్రుడికి గ్రహణం పడుతుంది చూడు, అని గడియారం పట్టుకుని డాబా మీద నిలబెట్టాడు. తొమ్మిదీ నలభై ఒకటి అయింది, చంద్రుడు శుభ్రంగా ఉన్నాడు. తొమ్మిదీ నలభై రెండు అయింది, ఓ పక్క ఎవరో పంటితో కొరికినట్టు కాస్త నల్లబడింది. ఎవరో ఎక్కడో గదిలో కూర్చుని ఏడాది కిందట కాగితం మీద వేసిన లెక్కని, అంతదూరాన ఉన్న ఆ రాయి ఎలా విని వచ్చింది? అంతర్వేదిలో సముద్రం కూడా అంతే, పోటు ఎన్నింటికో ముందే అచ్చేసి ఉంటుంది, వేళకి వస్తుంది, చదువుకున్న సముద్రంలాగా. ఎందుకు రావాలి, కాగితానికీ కడలికీ ఏమిటి చుట్టరికం, అన్నది పెద్దపెద్ద వాళ్ళకే అంతు చిక్కలేదంటారు. తనకి చిక్కలేదు, చిక్కకపోయినా పూజ చేసుకుంది. చంద్రుడు వచ్చాడు గనక చేపలూ వస్తాయనుకుంది. చంద్రుడికి ఆకలి లేదు. అంతే తేడా. చంద్రుడికి సిగ్గు లేదు, తవుడు అక్కర్లేదు, మేత సంచి ఎక్కడుందో మొన్నటి నుంచి గుర్తుపెట్టుకోడు. ఈ ముక్క సెమినార్‌లో చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

సెమినార్‌లో ఏం చెప్పింది? గుర్తు తెచ్చుకోకూడదనుకుంది, యాభై ఏడో ట్రే లేచేసరికి గుర్తొచ్చేసింది. స్లయిడ్లు అయ్యాక, సభని కాస్త నవ్వించాలి కదా అని, మా చెరువు కాపలాదారు ఏమన్నాడో తెలుసా అండీ, కొన్ని చేపలకి సిగ్గెక్కువట, అంది. హాలంతా నవ్వింది. విశాఖపట్నం ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకునేంతగా నవ్వి, మరి సిగ్గుకి ఏ గుర్తు వాడాలి మేడమ్, ఆల్ఫానా బీటానా అన్నాడు. మళ్ళీ నవ్వులు. పక్క నడవలో వాలంటీర్ బ్యాడ్జీ పెట్టుకుని మంచినీళ్ళ సీసాలు పంచుతున్న ఏంజెల్ ఆగి, చేతిలో సీసాలు రెండూ గుండెకి ఆనించుకుని, స్టేజీ వైపు చూసింది. ఆ పిల్ల ఆ కాపలాదారు కూతురని రత్నమాలకి తెలుసు. తెలిసే చెప్పింది. కాదు, ఆ క్షణంలో తెలియదు, హాలు నవ్వుతున్నప్పుడు ఎవరికీ ఏమీ తెలియదు. తనకి జ్ఞాపిక ఇచ్చారు, చెక్కతో చేసిన గుడ్లగూబ. ఇంట్లో టీవీ పక్కన ఉంది. మూడు రోజుల్నుంచి దాన్ని గోడ వైపు తిప్పి పెడుతోంది, పనిమనిషి తుడిచినప్పుడల్లా ఇటు తిప్పుతోంది.

అప్పటికైనా ఆగి ఉంటే బాగుండేది, అంతా సభతో పోయేది. మావయ్య అడిగాడు, ఇంతకీ నా చెరువులో చేపలెన్నమ్మా, అని. రెండు వేలకు కాస్త ఇటుగా మొదలుపెట్టి దాదాపు ఐదు వేల దాకా ఎన్నయినా ఉండొచ్చు మావయ్యా, అని నిజాయితీగానే చెప్పింది. ఆయన కాసేపు చూసి, అలాంటి మాట మా గేదె కూడా చెబుతుందమ్మా, దానికి పీహెచ్‌డీ లేదు, ఒక అంకె చెప్పు అన్నాడు. వీరాయమ్మ అత్తయ్య వంటింట్లోంచి, పెద్దాయన అడుగుతున్నాడు కదమ్మా, చెబితే ఏం పోయింది, అంది. ఏమీ పోదనే అనుకుంది తనూ. కాగితం మీద అంకె రాసి, ఆయన అడిగితే కింద సంతకం పెట్టి, సంతకం కింద అలవాటుకొద్దీ డిగ్రీలు కూడా రాసింది. ఉజ్జాయింపుగా మూడు వేలు అని రాసి ఉంటే ఊళ్ళో ఒక్కరూ నమ్మేవారు కారు. ఆ చివర తొంభై ఒకటి ఉంది చూశారూ, అది పట్టుకుంది ఊరిని. ఉత్తినే చెబితే తొంభై ఒకటి అని ఎలా చెబుతారండీ, చూసొచ్చినట్టు చెప్పేరండి, అన్నారట టీ కొట్టు దగ్గర. మావయ్య పది జిరాక్సులు తీయించాడు. ఆ ఒకటి చేప కాదు, భాగహారంలో మిగిలిన తొమ్మిది సున్నా తొమ్మిది, దాన్ని పైకి నెట్టి చేపని చేసింది తనే. అది వెళ్ళి జోజి ఇంటి తలుపు కొట్టింది.

"రేపట్నించి రావద్దురా జోజీ" అని మావయ్య అన్నప్పుడు తను అక్కడ లేదు. ఫోనులో విన్నది. అయ్యో అంది, అంకె అలా చెప్పడం లేదు మావయ్యా, అంకె ఎవర్నీ ఏమీ అనదు, అంది. అంకె అనకపోతే ఇంకెవరన్నారమ్మా, నేను అనలేదు, నీ కాగితమే అంది, అన్నాడాయన. అదే విచిత్రం. జోజి దొంగ అని నోటితో అనమంటే మావయ్య అనలేడు, ఇరవయ్యేళ్ళుగా తెలిసిన మనిషి. తనూ అనలేదు. ఇద్దరి నోళ్ళూ శుభ్రంగా ఉన్నాయి. మధ్యలో కాగితం మాట్లాడింది, కాగితానికి మొహమాటం ఉండదు. ఇటువంటి సదుపాయం కోసమే కాబోలు మనుషులు లెక్కల్ని ఇంత ప్రేమిస్తారు.

"ఎనభై" అని అరిచాడు పలక పట్టుకున్నవాడు. మావయ్య కుర్చీలో సర్దుకున్నాడు. రత్నమాల బుర్ర, ఎవరూ అడక్కుండానే, కొత్త పని మొదలుపెట్టింది. నీటికాకులు. చెరువు మీద తీగకి ఎప్పుడూ ఓ పాతిక నీటికాకులు ఉంటాయి. చేపలు పిల్లలుగా ఉన్నప్పుడు కాకికి రోజుకి రెండు చొప్పున, రెండు నెలలు, ఇరవై అయిదు రెళ్ళు యాభై, యాభై అరవైలు మూడు వేలు. సరిగ్గా మూడు వేలు. అప్పుడు అంకె కూడా నిజమే అవుతుంది, జోజి కూడా దొంగ కాడు, కాకులు తినేశాయి, ఎవరి పరువూ పోదు. ఎంత సొగసుగా కుదిరిందో చూసి ఆవిడకే అనుమానం వచ్చింది. తీగ మీద ఇప్పుడు ఎన్నున్నాయో లెక్కపెట్టింది, నాలుగు. తన సమీకరణాన్ని కాపాడుకోడానికి ఇరవై ఒక్క కాకుల్ని పుట్టించింది. దేవుడు కూడా ఒక్క రోజులో అన్ని చెయ్యలేదేమో.

తొంభై. తొంభై అయిదు. ఇప్పుడు ఆవిడకి భయం వేసింది, ఎందుకంటే లోపల ఎవరో ఆగు, ఆగు అంటున్నారు. నూట మూడు దగ్గర ఆగిపో. మూల ఇంకా గంగాళంలా మరుగుతూనే ఉంది, కళ్ళుంటే చాలు తెలుస్తుంది, అయినా ఆగిపో అంటోంది ఆ గొంతు. పన్నెండు రోజులుగా జోజి నిర్దోషిగా తేలాలని దణ్ణం పెట్టుకుంటున్న మనిషే, ఈ క్షణంలో తన అంకె నిజం కావాలని కోరుకుంటోంది. అంకె నిజమైతే ఎదురుగా ఉన్న మనిషి ఏమవుతాడు, ఆ పిల్ల ఏమవుతుంది, అన్నీ తెలిసి కూడా. ఇంత నీచత్వం తనలో ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మేది కాదు, దానికి ఇంత చక్కటి చేతిరాత ఉంటుందని అసలే నమ్మేది కాదు. కళ్ళు మూసుకుంది. నూట రెండు. నూట మూడు. ఖాళీ ట్రే ఒకటి దభీమని బురదలో పడిన చప్పుడు.

"లాభం" అన్నాడు మాణిక్యం.

కళ్ళు తెరిచి చూసింది. శీలావతి చేప, కేజీన్నర ఉంటుంది, ఎండలో మెరుస్తూ ట్రేలో ఎగిరెగిరి పడుతోంది. రెక్క చూసింది, తెగలేదు. సిగ్గరిది. ఆవిడకి నవ్వొచ్చింది. ఎక్కడో పొట్ట కింద మొదలై, ఆపుకుందామంటే భుజాలు కదిలిపోతూ, అవతలి గట్టు మీద వాళ్ళు చూస్తారని కొంగు నోట్లో కుక్కుకుంది. గుండె మీంచి రాయి తీసేసినట్టుంది. అంత పెద్ద రాయి తనే ఎత్తుకుని అక్కడ పెట్టుకుందని కూడా అప్పుడే తెలిసింది.

మావయ్య నవ్వలేదు. జేబులోంచి కాగితం తీసి విప్పి చూశాడు, మళ్ళీ చెరువు వైపు చూశాడు. "ఇదేంటమ్మా, అయిపోవాలి కదా" అన్నాడు.

"అవలేదు మావయ్యా."

"నీ కాగితంలో ఇంతే ఉన్నాయి. పైవన్నీ ఎక్కడివి మరి? పక్క చెరువులోంచి ఈది వచ్చేయంటావా?"

"గట్టు దాటి ఎలా వస్తాయండీ. ఇవన్నీ మనవే. నేను తప్పు లెక్క వేశాను."

"అంత చదువుకుని నువ్వు తప్పెందుకు వేస్తావు? ఆ మాణిక్యమే పరధ్యానంగా లెక్కపెడుతున్నాడు. ఒరే మాణిక్యం, ఒక్కొక్కటే వెయ్యరా."

మాణిక్యం మోకాలి లోతు బురదలోంచి తలెత్తి, "ఆయ్, ఒక్కొక్కటే ఏత్తన్నానండి. ఇయ్యి రెండేసి పట్టుకునే చేపలు కావండి" అన్నాడు. ఎదురుగా చేపలు ఎగురుతున్నాయి, చేతిలో కాగితం ఉంది, పెద్దాయన చాలాసేపు కాగితాన్నే నమ్మాడు. నూట ఇరవై దాకా నమ్మాడు. నూట నలభై దగ్గర కాగితం మడిచాడు. నూట అరవై దగ్గర, ఎండ నెత్తికెక్కుతోంది వీరాయమ్మకి చెప్పి మజ్జిగ పంపమందాం, అన్నాడు ఎవరితోనూ కాకుండా. నూట డెబ్భై ఏడు ట్రేలు నిండి, నూట డెబ్భై ఎనిమిదో దానిలో ఎనిమిది చేపలు పడ్డాక మూలలో బురద తప్ప ఏమీ మిగల్లేదు. అయిదు వేల మూడు వందల పద్దెనిమిది. ఏడాదిలో చచ్చినవీ, కాకులు నిజంగా తిన్నవీ పోను, సరిగ్గా ఉండవలసినన్ని.

ఆవిడ లేచి గట్టు చుట్టూ నడిచింది. చుట్టు దారి దూరం, అడ్డంగా వెళితే బురద. సగం దూరం వెళ్ళాక చుట్టు దారిన నడవడం కూడా ఒక రకం తప్పించుకోవడమేనేమో అనిపించి, చెప్పులు తీసి చేత్తో పట్టుకుని అడ్డంగా దిగింది. కాలు పిక్క దాకా దిగబడింది. ఒక చెప్పు జారి బురదలో పడింది, వంగి తీస్తే కొంగు పడింది. జోజి గబగబా కిందికి వచ్చి, చెయ్యి పట్టుకోడానికి మొహమాటపడి, పక్కనున్న వెదురు కర్ర చాచాడు. కర్ర పట్టుకుని గట్టెక్కింది.

"జోజీ, నువ్వు చెప్పిందే నిజం. నేను వినలేదు. నా లెక్క తప్పు."

"అయ్యో, అలాగనకండి మేడమ్ గారండి" అన్నాడు అతను. మనస్ఫూర్తిగానే అన్నాడు. "లెక్క బాగానే ఉంటాదండి. చేపలకే సదువు లేదండి."

కుర్చీలున్న గట్టు మీంచి మావయ్య గొంతు వచ్చింది. "ఒరే జోజీ, అయిందేదో అయింది. రేపట్నించి వచ్చేయ్ రా."

"ఆయ్" అన్నాడు జోజి అటు తిరిగి. "అల్లవరంలో రొయ్యల చెరువు కాడ ఒప్పేసుకున్నానండి. సోమారం నించి రమ్మన్నారండి" అన్నాడు. మావయ్య జేబు తడుముకున్నాడు.

ఏంజెల్ అప్పటిదాకా నోటుబుక్కులోకే చూస్తోంది. ఇప్పుడు తలెత్తింది. "మేడమ్, నోటితో చెబితే ఊళ్ళో నమ్మరండి. అప్పుడు కాగితం చూసే నమ్మేరు."

నోటుబుక్కులోంచి ఒక పేజీ చింపి, పెన్ను మూత తీసి ఇచ్చింది. పరీక్షలో అదనపు పేపరు ఇచ్చినట్టు ఇచ్చింది. రత్నమాల బురద చేతిని చీరకి తుడుచుకుని, కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని, గట్టు మీద కూర్చుంది. "సమాన సంభావ్యత అనే ప్రతిపాదన ఈ సందర్భంలో వర్తించనందున" అని మొదలుపెట్టింది. ఏంజెల్ భుజం మీంచి తొంగిచూసి, "ఇది మన క్లాసుకండి మేడమ్. టీ కొట్టుకి ఇంకోలా రాయండి" అంది. నిజమే. కొట్టేసింది. "నేను వాడిన పద్ధతిలో కొంత లోపం" అని రాసి, కొంత అన్న మాట దగ్గర ఆగింది. కొంత ఎంత? రెండు వేల రెండు వందల ఇరవై ఏడు. అదీ కొట్టేసింది. ఇన్నేళ్ళలో ఎన్నో నివేదికలు రాసింది, ఏ వాక్యం వెనకాల తాను నిలబడక్కర్లేదో ఆ వాక్యాలన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. అవి ఒక్కొక్కటే వచ్చి వరసలో నిలబడ్డాయి, ఒక్కొక్కదాన్నే పంపేసింది. రాసిందీ కొట్టేసిందీ పోగా మిగిలిన చోట చివరికి రెండు వాక్యాలు రాసింది. జోజి గారు చెరువులో చేపలు తియ్యలేదు. తీసినట్టు అనిపించేలా లెక్క వేసినది నేను. కింద సంతకం పెట్టింది. డిగ్రీలు రాయలేదు, అంతలో ఏంజెల్ "అవి కూడా రాయండి మేడమ్, వాటికే విలువండి" అంటే రాసింది.

జోజి కాగితం తీసుకున్నాడు. పెదాలు కదుపుతూ, ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదువుకున్నాడు. మొదటి మాట దాటి రెండో మాట దగ్గర వేలు ఆగిపోయింది. తర్వాత కాగితం ఆవిడ వైపు చాచాడు.

"ఆ గారు కొట్టెయ్యండి మేడమ్ గారండి. ఊళ్ళో నవ్వుతారండి."

రత్నమాల పెన్ను మూత పెట్టి ఏంజెల్‌కి ఇచ్చేసింది.